మామ పాటకు తగిన ఆంప్లిఫయర్

వాల్వు ఆంప్లిఫయర్ పిచ్చి నాకు యాభై దాటినాక పట్టుకుంది. నేను ఎమ్మిగనూరులో హైస్కూలు టీచర్ని. బడి నుంచి రాగానే ఫోనులో వీడియోలు చూసేవాణ్ణి. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతుంటాయి, ఎదురుగా ఎవరో పెద్దమనిషి కళ్ళు మూసుకుని పాట వింటుంటాడు. నాకూ అట్లా కూర్చోవాలనిపించింది. ఇంట్లో అప్పటికే బెంగళూరు నుంచి తెప్పించుకున్న చిన్న స్పీకర్ల జత ఉండేది. వాటికి ఏ ఆంప్లిఫయర్ బాగుంటుందో అడగడానికి ఆదోని పోయినాను.

ఆదోనిలో నా చిన్ననాటి స్నేహితుడు మైక్‌సెట్లు బాగుచేస్తాడు. ఇద్దరం గోనెగండ్ల బడిలో ఒకే బెంచీ. వాళ్ళమ్మ, నాయన కూలికి పోయేవాళ్ళు. వాళ్ళ చర్చిలో పాడైన మైకును విప్పి చూడడంతో మొదలైంది వాడి చదువు. వాల్వుల సెట్టును మళ్ళీ పలికించడం మా చుట్టుపక్కల వాడొక్కడికే తెలుసు.

నేను అడిగింది విని, చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "ముందు నువ్వు ఏం పాట ఇంటావో సెప్పు. తర్వాత ఏ స్పీకర్లుండాయో సెప్పు. ఆంప్లిఫయర్ మాట ఆఖర్న."

నేను వినాలనుకున్నది మా మేనమామ పాట. మామ హొళగుంద జొన్నచేలల్లో కూలి చేసి బతికినాడు. ఒంటితీగ తంబుర మీటుకుంటూ తత్వాలు పాడేవాడు, సగం తెలుగులో, సగం కన్నడంలో. ఆయన పోకముందు ఒక రోజు ఈ స్నేహితుడే టేప్‌రికార్డరు మోసుకొచ్చి ఒక క్యాసెట్టు నింపినాడు. మామ గొంతు మిగిలింది అందులోనే.

"అదేనా? అయితే నీకు పెద్ద పవర్ ఎందుకప్పా? ఒక గొంతు, ఒక తీగ. ఒక్కో స్పీకరుకు ఒక్కో పవర్ వాల్వు పెడితే సాలు, మూడు నాలుగు వాట్లు వస్తాయి. కానీ నీ స్పీకర్లుండాయే, అవి మొండివి. అంత తక్కువకు నోరు తెరవవు. వాటినే ఉంచుకోవాలంటే పెద్ద ఆంప్లిఫయర్ కొనాల. చిన్నది కావాలంటే స్పీకర్లు మార్చల్ల."

మూతపడిన ఒక టాకీసులోవి, తక్కువ పవర్‌కే గట్టిగా పలికే పెద్ద కాగితపు కోన్ స్పీకర్లు వాడి దగ్గర ఏళ్ళుగా ఉన్నాయి. ఎంతమంది అడిగినా ఎవరికీ ఇయ్యలేదు. నాకిచ్చినాడు. వాటికి వేపచెక్కతో పెట్టెలు చేయించినాడు. ట్రాన్స్‌ఫార్మర్లు తన చేత్తోనే చుట్టినాడు. మూడు నెలలు పట్టింది. పాత స్టెబిలైజరు డబ్బాను శుభ్రం చేసి, రంగేసి, వాల్వులన్నీ దాని మీద అమర్చినాడు. ఒక ఆదివారం పొద్దున బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఎమ్మిగనూరు తెచ్చినాడు.

క్యాసెట్టు పెట్టినాము. పాట ఎత్తుకునే ముందు మామ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తీగకు గోరు తగలడం వినిపించింది. నా భార్య వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "మామ ఈడనే ఉండాడు కదా," అనింది. నా స్నేహితుడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత, సన్నగా వస్తున్న గుయ్‌మనే శబ్దం తీసేయడానికి మళ్ళీ వచ్చినాడు. నేలమీద కూర్చుని స్క్రూలు విప్పి సరిచేసి, మళ్ళీ ఆన్ చేసి చూస్తున్నాడు. అప్పుడే కర్నూలు నుంచి నాకు తెలిసిన ఒక లెక్చరర్ వచ్చినాడు. పాటల సామానులో ఆయన మాటంటే ఈ పిచ్చి ఉన్న మాకందరికీ గురి. లోపలికి వస్తూనే నవ్వినాడు.

"ఇదేంది సార్, ఫ్రిజ్ స్టెబిలైజరుకు బల్బులు పెట్టినారు?"

నేనూ నవ్వినాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఎవరో మా పక్క మెకానిక్ చేసిచ్చినాడు లెండి. మంచిది కొనేదాకా టైంపాస్‌కు పెట్టుకున్నా," అన్నాను.

కింద కూర్చున్నవాణ్ణి ఆయన కరెంటు పనివాడు అనుకున్నాడు. నా స్నేహితుడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వాడు స్విచ్ ఆపేసినాడు. వాల్వులు వేడిగా ఉన్నప్పుడు కదిలించకూడదు. అందుకని అవి చల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు. మేమిద్దరం కుర్చీల్లో కూర్చుని టీ తాగినాము. నా భార్య వాడికీ గ్లాసు ఇచ్చింది. ముట్టలేదు. లెక్చరర్ ఏదో చెప్తూనే ఉన్నాడు, నేను తల ఊపుతూనే ఉన్నాను. చివరికి వాడు చేత్తో వాల్వులు తాకి చూసి, డబ్బాను తన తువ్వాలులో చుట్టుకుని లేచినాడు.

"స్పీకర్లు ఉండనీయండి సార్. వాటికి మంచిదే కొనుక్కోండి," అన్నాడు.

నలభై ఏళ్ళలో వాడు నన్ను సార్ అనడం అదే మొదలు. నేను వెంట పోలేదు. ఇంట్లో మనిషి కూర్చునున్నాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాత లెక్చరర్ చెప్పిందే కొన్నాను. పెద్ద వాల్వులు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని బరువు. చిన్న శబ్దాన్ని కూడా దాచుకోని స్పీకర్లకు దాన్ని తగిలిస్తే, మామ గొంతు కంటే ముందు దాని గుయ్‌గుయ్ వినిపించింది. లెక్చరర్ చూడడానికి వచ్చి, తనకిష్టమైన డప్పుల సంగీతం పెట్టి, వాల్యూం నాబు మొత్తం తిప్పినాడు. ఒక కోన్ పర్రుమని చినిగింది. "పాత సరుకు సార్, పోతుంది," అని టీ తాగి పోయినాడు.

చినిగిన స్పీకరు సంచిలో వేసుకుని ఆదోని పోయినాను. వాడు నాకు కుర్చీ వేసినాడు. పల్చటి కాగితం ముక్క కత్తిరించి, జిగురు రాసి, చినిగిన చోట ఓపిగ్గా అతికించినాడు.

"తప్పయింది రా," అన్నాను.

"దాంట్లో తప్పేముంది సార్. నేను మెకానిక్‌నే కదా."

"ఆ ఆంప్లిఫయర్ యాడుంది?"

"ఒక టైలర్ ముసలాయన తీసుకుపోయినాడు. గజళ్ళు ఇంటాడు. ఆయన స్పీకర్లకు బాగా కుదిరింది."

"నాకు ఇంకోటి చేసిస్తావా?"

"ఇప్పుడు కండ్లు సరిగ్గా కనపడవు సార్."

బల్ల మీద సగం చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఉంది. నేను దాన్ని చూడడం వాడు చూసినాడు. పక్కకు కూడా జరపలేదు.

ఇప్పుడు టాకీసు స్పీకర్లు మూలకు పెట్టి, ఆ పెద్ద ఆంప్లిఫయరుకు బెంగళూరు స్పీకర్లనే తగిలించుకున్నాను. వాటికి అది బాగానే సరిపోయింది, ఎవరొచ్చినా మెచ్చుకుంటారు. మామ మాత్రం పక్కింట్లో పాడుతున్నట్టు ఉంటుంది. నా భార్య ఆ క్యాసెట్టు పెట్టొద్దంటుంది. అప్పుడప్పుడు నా స్నేహితుడికి ఫోన్ చేస్తాను. వాల్వు ఎప్పుడు మార్చాలి, ఏ వైరు యాడ పెట్టాలి అని అడిగితే విసుక్కోకుండా చెప్తాడు. ఇంటికి రమ్మంటే పని ఉందంటాడు.