కూత తెగిన చప్పుడు

నావి మామూలు చెవులు కావు. బడిలో వెనక వరసలో చీమ తుమ్మినా నల్లబల్ల దగ్గరున్న నాకు వినపడేది. ఏ చీమ తుమ్మిందో కూడా చెప్పగలిగేవాణ్ణి. యాభైల చివర్లో దొరవారిసత్రం అవతల ఒక వరి పొలాల ఊళ్ళో అయ్యవారుగా చేరాను. నెల తిరక్కుండానే ఈ చెవుల సంగతి ఊరంతా పాకింది. చెడుగుడు పోటీలకు నన్నే అంపైరును చేశారు.

చెడుగుడులో అంపైరుకు కళ్ళతో పెద్దగా పని లేదు. అవతలి జట్టు మీదికి వెళ్ళినవాడు ఒక్క ఊపిరితో కూత పెట్టాలి. మధ్యలో ఊపిరి పీలిస్తే కూత తెగినట్టు, అవుటైనట్టు. అతని పక్కనే చెవి పెట్టుకుని పరుగెత్తడమే నా కొలువు.

మా ఊరి జట్టుకు ఒక కిరాయి ఆటగాడు ఉండేవాడు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అతని రొమ్ము ఎంత వెడల్పంటే, ముందునుంచి చూసినవాళ్ళు వీపు కూడా చూడాలనుకుంటే అన్నం మూట కట్టుకుని బయలుదేరాలి. అతను కూతకు దిగాక నాయుడుపేటలో రైలెక్కి, గూడూరులో దిగి, కాఫీ తాగి తిరిగొచ్చినా ఇంకా అదే కూత నడుస్తూ ఉండేది. ఆట గెలిస్తే అతనికి పుట్టి వడ్లు, పంచెల చాపు ఇచ్చేవారు. నా జీతం మాత్రం గాలి వీస్తే ఎగిరిపోయేంత పలచన. నేను మూడు నెలలు గొంతు చించుకుంటే వచ్చేది అతను ఒక్క సాయంత్రం కూతపెట్టి బండిమీద తోలుకుపోయేవాడు.

ఇదేం న్యాయమని ఆ వడ్లిచ్చే మోతుబరినే ఒకరోజు అడిగాను. ఆయన అరుగుమీద కూర్చుని ఆకులకు సున్నం రాస్తున్నాడు.

"మీరొక పూట సెలవు పెట్టినారనుకోండి అయ్యోరా, ఎవరికి నష్టం? పిలకాయలు పండగ చేసుకుంటారు. ఆయన రాకపోతే నాలుగూళ్ళ జనం నన్ను తిట్టుకుంటా తిరిగిపోతారు. మీరు పోతే జిల్లా బోర్డోళ్ళు ఇంకో అయ్యోర్ని పంపిస్తారు. అట్టాంటి ఊపిరి ఇంకోటి ఏ బోర్డు పంపిస్తాది?"

కోపం రాలేదంటే అబద్ధం. ఇంటికొచ్చి అద్దంలో నా రొమ్ము చూసుకున్నాను. అది కనపడాలంటే ఇంకొంచెం పెద్ద అద్దం కాదు, ఇంకొంచెం రొమ్ము కావాలి.

ఒక ఆట అయ్యాక కాలవలో కాళ్ళు కడుక్కుంటూ ఆ ఆటగాడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"అయ్యోరా, ఆడేటప్పుడు నా చెవుల్లో సముద్రం మోగతాది. నా కూత నాకే ఇనపడదు. అది తెగిన పొద్దు మీరే చెప్పాల. మా అన్న తెగిన ఊపిరితోనే రెండేళ్ళు ఆడినాడు. నెత్తురు కక్కుకోని పోయినాడు. మీరు తెగిందన్నారంటే ఆ పొద్దే మానుకోని వల పట్టుకుంటా."

"ఇంత రాబడి వదులుకుంటావా అన్నా?"

"నాదేమన్నా ముసలయ్యేదాకా ఉండే ఉద్యోగమా? నాలుగేళ్ళ ఊపిరి. ముసలితనానికి కావాల్సిన కూలి కూడా ఇప్పుడే తీసుకుంటా ఉండా. దాన్ని తినేదానికి మనిషి మిగలాల గదా."

మాట ఇచ్చాను.

ఆ మరుసటి ఏడు, కోతలయ్యాక, ఉప్పుటేరు అవతలి ఊరితో పోటీ పడింది. భూమండలంలో నడవగలిగిన ప్రతి ప్రాణీ వచ్చింది. నడవలేనివాళ్ళను మంచాలతో మోసుకొచ్చారు. చివరి కూతకు అతను వెళ్ళాడు. ముగ్గురు కాళ్ళు పట్టుకుంటే ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ గీత వైపు పాకుతున్నాడు. నా చెవికీ అతని నోటికీ జానెడు దూరం.

అప్పుడు వినపడింది. తడిగుడ్డ చిరిగినట్టు ఒక చిన్న చప్పుడు, వెంట్రుకంత సందు, మళ్ళీ కూత. అంత జనంలో విన్నది నేనొక్కణ్ణే.

ఈల నోట్లోనే ఉంది. గీత దగ్గర మోతుబరి చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఆటను కాదు, నా ఈలను చూస్తున్నాడు. బోర్డు పంపబోయే ఇంకో అయ్యవారు నాకు కళ్ళముందు కనిపించాడు. చక్కగా తల దువ్వుకుని, నా కుర్చీలో కూర్చుని.

ఈల ఊదలేదు. అతని చెయ్యి గీతను తాకింది.

జనం అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. పైనుంచి నాకోసం వెతికి, కనుబొమ్మలెగరేసి అడిగాడు. తెగలేదని తల అడ్డంగా ఊపాను. నవ్వాడు. నా తల ఊపును నమ్ముకుని ఇంకో రెండు కోతల కాలాలు ఆడాడు. నన్ను మాత్రం బోర్డు ఆ ఎండాకాలమే బదిలీ చేసింది.

అరవైల్లో ఒక మధ్యాహ్నం, జబ్బుగా ఉన్నాడని తెలిసి చూడబోయాను. గుడిసె ముందు అతని భార్య వల బాగుచేస్తోంది. పక్కన మంచంలో అతను. పక్కటెముకలు దారిలోంచే లెక్కపెట్టవచ్చు.

"మంచిపని చేసినారు వచ్చి. మావాళ్ళు ఏందేందో అంటా ఉండారు అయ్యోరా. ఉప్పుటేరోళ్ళతో ఆడిన పొద్దే నా కూత తెగిందంట. పక్కనుండింది మీరు. మీరు చెప్పండి, తెగిందా?"

భార్య చేతిలో దారం ఆగింది. ఆమె తలెత్తలేదు.

"తెగలేదు," అన్నాను.

"ఇన్నావా?" అన్నాడు ఆమెతో. "అయ్యోరి చెవులవి."

"ఇన్నా," అని ఆమె మళ్ళీ దారం లాగింది.

అతనికి హుషారొచ్చింది. తను గెలిచిన ఆటలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. రెండు మాటలకొకసారి ఊపిరి తెగుతోంది, అందుకుంటున్నాడు, తెగుతోంది. ఒక్కటి కూడా నా చెవి దాటిపోలేదు. పొద్దు వాలేదాకా తల ఊపుతూ అక్కడే కూర్చున్నాను.