ఇష్రత్ ఖాళీ చేసిన కుర్చీ

తెనాలిలో ఇష్రత్‌కి రెండు పనులు. పగలంతా జాకెట్లు కుడుతుంది. ఎండ చల్లబడ్డాక చున్నీ నడుముకి బిగించి, కాళ్లకు చక్రాల బూట్లు కట్టుకుని ఆడపిల్లలకు స్కేటింగ్ నేర్పుతుంది. రోడ్డు మీద రయ్యిన పోయే స్కేటింగ్ కాదండోయ్. పాటకు తగ్గట్టు ఒంపులు తిరుగుతూ, ఒంటికాలి మీద జారుతూ, మధ్యమధ్య గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగి దిగే స్కేటింగ్. చలిదేశాల ఆడపిల్లలు దీన్ని మంచు మీద చేస్తారు. మనకు మంచెక్కడ ఏడ్చింది, ఫ్రిజ్జులో తప్ప! అందుకని మనవాళ్లు చక్రాల మీద కానిస్తారు.

ఆమె నేర్పే చోటు జగన్నాథరావు గారి రైసు మిల్లు వెనక, ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు. ధాన్యం లేని రోజుల్లో వాడుకోమని ఆయన ఊరికే ఇచ్చాడు, ఒక్క షరతు మీద.

"జారుకోండమ్మా, మీ ఇష్టం వచ్చినంతసేపు జారుకోండి. ఎగరటం మాత్రం వద్దు. గచ్చు పెచ్చులూడిందంటే ధాన్యంలో రాళ్లొస్తాయి. నా మిల్లు పేరు పోద్ది" అన్నాడు.

"అట్టాగేనండి" అంది ఇష్రత్. గాల్లో ఒక్క చుట్టు తిరిగే చిన్న గెంతును ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. రెండు చుట్లు తిరగాలంటే బాగా ఎత్తుకు లేవాలి, దబ్బున దిగాలి. ఆ మాట ఎత్తే వీల్లేదు. మొదట్లో అది మిల్లు వాళ్ల షరతే. ఏళ్లు గడిచేసరికి ఇష్రత్ సిద్ధాంతమై కూర్చుంది. "గెంతటం కప్పకీ వచ్చు. జారటం నేర్చుకోండే" అని పిల్లల్ని కసిరేది. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, ఎవరు చెబితే వింటుంది?

కానీ జారడం మాత్రం నేర్పేది, చెప్పొద్దూ! మిల్లు బాయిలరు దగ్గర ఊక బూడిద కుప్పలుగా పడి ఉండేది. దాన్ని జల్లించి, గచ్చు మీద ముగ్గుపిండిలా పలచగా చల్లేది. పిల్ల ఒంటికాలి మీద ఒంపు తిరిగి వెళ్లాక, వంగి, బూడిదలో పడ్డ చక్రాల గీత చూసేది. గీత సన్నగా, మొదటి నుంచి చివరి దాకా చెరగకుండా ఉంటే కాలు నిలిచినట్టు. ఎక్కడైనా చెదిరిందా, అక్కడ పాదం తడబడినట్టు. "బాగా చేశానత్తా అంటే నేను నమ్మనే. బూడిద చెప్పాలి" అనేది.

ఆమెను అత్తా అని పిలిచే హక్కున్న పిల్ల ఆసియా. గేట్లు, గ్రిల్సు వెల్డింగ్ చేసే నాగుల్ మీరా కూతురు. నాగుల్ మీరా ఇష్రత్‌కి సొంత అన్న. ఆసియా పదో తరగతి. ఆ పిల్ల జారుతుంటే చక్రాల చప్పుడు వినపడేది కాదు. ధాన్యం తిరగేసే కూలీలు కూడా పారలు ఆపి చూసేవాళ్లు.

కుట్టుపని తక్కువున్న మధ్యాహ్నాలు అత్తా కోడలూ ఫోన్లో మంచు మీది పోటీలు చూసేవాళ్లు. వ్యాఖ్యానం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయితేనేం, ఇంట్లో కూర్చుని మార్కులు వేయడానికి భాష ఎందుకు?

ఒకరోజు ఎవరో చిన్న పిల్ల గాల్లో నాలుగు చుట్లు తిరిగి కింద పడింది. లేచింది, మళ్లీ ఎగిరింది. ఆ తర్వాత ఇంకో అమ్మాయి వచ్చి, పెద్దగా ఎగరకుండా, పాట ఎటు పోతే అటు జారింది.

"అదిగో! జారటమంటే అదే. చూడు మోకాలు ఎట్టా వంచిందో" అని ఇష్రత్ ఫోన్ మొహం మీదకు తెచ్చుకుంది.

"కానీ గెలిచింది ఆవిడ కాదుగా అత్తా" అంది ఆసియా.

ఇష్రత్ ఫోన్ పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆసియా వదల్లేదు. "నాకూ రెండు చుట్లు నేర్పత్తా. రేపల్లె స్నేహ చేస్తోంది. అందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు."

"గచ్చు ఒప్పుకోదే."

"పోనీ ఆదివారాలు రేపల్లె వెళ్తా. పంపిస్తే నేర్పుతానని కిరీటి సార్ నీతోనే అన్నాడంటగా."

అన్న మాట నిజమే. కిరీటి స్నేహకు కోచ్, కుర్రాడు, మంచివాడే. రబ్బరు పరిచిన నేల మీద, నడుముకు బెల్టు కట్టి పైకి లాగి మరీ ఎగరడం నేర్పుతాడు. కానీ ఇన్నేళ్లు తాను చెక్కిన కాలిని తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఇష్రత్‌కి మనసొప్పలేదు. "నీ జారుడు చాలు. చూసే కళ్లుంటే అదే గెలిపిస్తుంది" అంది. చూసే కళ్లు ఎక్కడున్నాయో ఆలోచించలేదు, అదీ ఆమె చేసిన పని.

ఆ సంవత్సరం తెనాలి, బాపట్ల, రేపల్లె క్లబ్బులు కలిసి రాష్ట్రపోటీకి ఒకే ఒక్క అమ్మాయిని పంపాలి. ఎంపిక బాపట్లలో. నాగుల్ మీరా ముందే తేల్చి చెప్పాడు.

"చూడు ఇష్రత్, నేను ఆడపిల్లకు ఆటలొద్దనే మనిషిని కాదు. రాష్ట్రానికి పోతే ఇంటరు ఇక్కడే చదివిస్తా, రోజూ నీ దగ్గరికే వస్తది. పోలేదనుకో, హాస్టలు కాలేజీలో చేర్చేస్తా. అక్కడ చక్రాలూ లేవు, బూడిదా లేదు. మళ్లీ నన్నడగొద్దు."

అంటే ఆ పిల్ల స్కేటింగ్ బతకడమా చావడమా అనేది ఆ ఒక్క పూటలో తేలాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఈ ఆటకు మార్కులు వేయగలవాళ్లు మా మూడూళ్లలోనూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నేర్పేవాళ్లే జడ్జీలు, జడ్జీలే నేర్పేవాళ్లు. ఇష్రత్ పదహారేళ్ల వయసులో ఒక పోటీలో ఓడిపోయింది. గెలిచిన పిల్ల మేనమామే ఆ రోజు మార్కులు వేశాడు. ఆ పిల్ల నిజంగా బాగా చేసిందో, మామ వేసుకున్నాడో ఇష్రత్‌కి ఈ రోజుకీ తెలియదు. ఓడిపోయినందుకు కాదు, అది తెలియనందుకే ఆమెకు కడుపుమంట. అందుకని తాను జడ్జీ అయ్యాక ఒక పద్ధతి పెట్టుకుంది. మనవాళ్లు దిగితే మనం కుర్చీ దిగాలి. దిగి, హాలు బయటికి పోయి, పాట ఆగాకే లోపలికి రావాలి. లోపల నిలబడితే కళ్లతో సైగ చేసిందంటారు. ఆమెను చూసి సిగ్గుపడి మిగతావాళ్లూ లేవడం మొదలుపెట్టారు. కాకపోతే వాళ్లు మంచినీళ్ల నెపం పెట్టి గుమ్మం దగ్గరే నిలబడి తొంగి చూసేవాళ్లు. ఇష్రత్ అలా కాదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

బాపట్ల హాలు నేల అద్దంలా ఉంది. జడ్జీల బల్ల దగ్గర మూడు కుర్చీలు. ఒకదాంట్లో వరప్రసాదం మాస్టారు. జీవితమంతా కబడ్డీ, ఖోఖో ఆడించి రిటైరైన డ్రిల్లు మాస్టారు. రెండోదాంట్లో హైమావతి గారు. ఒకప్పుడు చక్రాల మీద పరుగు పందేలు గెలిచింది. మూడోది ఇష్రత్.

మార్కులు రెండు రకాలు. ఎగిరిన ప్రతి గెంతుకూ ఇంత అని రూలు పుస్తకమే ఖరీదు కట్టేస్తుంది. రెండు చుట్లకు బాగా ఎక్కువ, ఒక చుట్టుకు నామమాత్రం. పడితే కోత. అందులో ఎవరి దయా లేదు. రెండోది జారుడు మార్కు. పదికి ఎంతనేది జడ్జీల కంటికి వదిలేస్తారు, ఎంతమంది వేస్తే అంతమందికీ సగటు కట్టి, దాన్ని పదింతలు చేసి గెంతుల మార్కుకు కలుపుతారు. ఆసియా నిలబడాలంటే అక్కడే నిలబడాలి.

బాపట్ల నుంచి ఆ ఏడు ఎవరూ లేరు. ముందు స్నేహ దిగింది. బక్కపలచని పిల్ల, గుండె మాత్రం కొండంత. రెండు చుట్ల గెంతులు వరసగా వేసింది. ఒకసారి దభేల్మని పడింది, పెదవి కొరుక్కుని లేచి మళ్లీ ఎగిరింది. హాలంతా ఈలలు. కానీ గెంతుకీ గెంతుకీ మధ్య ఆ పిల్ల జారలేదు. టకటకా తోసుకుంటూ పరిగెత్తింది. ఇష్రత్ గెంతులకు రావలసిందంతా నిజాయితీగా వేసింది. జారుడుకి ఐదు వేసింది. పక్కకు చూస్తే వరప్రసాదం మాస్టారు తొమ్మిది వేసి ఉన్నాడు.

"మాస్టారూ, జారుడుకి తొమ్మిదేంటండీ?"

"అంతెత్తున ఎగిరే పిల్లకి జారటం రాకుండా ఉంటదా అమ్మా?" అన్నాడాయన, ఏ పాపమూ ఎరగనట్టు.

హైమావతి ఎనిమిదిన్నర వేసింది. "గెంతైతే చుట్లు లెక్కెట్టొచ్చు ఇష్రత్ గారూ. పడిందో నిలబడిందో అందరికీ కనపడుద్ది. జారటాన్ని ఏం పెట్టి కొలుస్తామండీ?" అంది.

ఇష్రత్ ఇద్దరి మొహాలూ చూసింది. వీళ్లు దొంగలైతే బాగుండును, పోట్లాడేది. వీళ్లకు కనపడదు, అంతే. ఈ ఇద్దరి చేతుల్లో పిల్లను వదిలేసి పోవాలి.

మైకులో ఆసియా పేరు పిలిచారు. ఇష్రత్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"కూర్చోండి, పర్లేదు. ఇద్దరం వేస్తే ఏం బాగుంటది?" అంది హైమావతి.

రెయిలింగ్ అవతల నుంచి కిరీటి కూడా, "కూర్చోండి మేడమ్, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

అవతలి పక్షం వాడే చెప్పాక కూడా లేచేవాళ్లుంటారా? ఇష్రత్ లేచింది. ఆసియా నేల మధ్యలో నిలబడి, ఈమె కుర్చీ నుంచి గుమ్మం దాకా నడవడం చూస్తూనే ఉంది. వరండాలోకి వచ్చి ఇష్రత్ గోడకు మొహం పెట్టుకుని నిలబడింది. పాట మొదలైంది. చెవులు రిక్కించింది. చక్రాల చప్పుడు లేదు. ఒకచోట చిన్న గెంతు దిగిన టక్ మన్న శబ్దం, మళ్లీ నిశ్శబ్దం. తొంగి చూడటానికి తలుపు బారెడు దూరం కూడా లేదు. చూడలేదు, మహాతల్లి.

పాట ఆగింది. పలచగా చప్పట్లు. లోపలికి వచ్చి అలవాటు కొద్దీ నేల వంక చూసింది. నున్నటి నేల తళతళా మెరుస్తోంది. దాని మీద ఏ గీతా లేదు.

ఆసియా జారుడుకి మాస్టారు ఏడు వేశాడు, హైమావతి ఎనిమిది. స్నేహ గెలిచింది, చాలా కొద్ది తేడాతో. హైమావతి కాగితాలు సర్దుతూ, మంచి మనసుతోనే, చెప్పకూడని మాట చెప్పింది.

"మీరు కూర్చుని తొమ్మిది వేసుంటే మీ పిల్లే పైన ఉండేదండి."

సాయంత్రం పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంది ఆసియా. నిడుబ్రోలులో ఆగిన బండి కదిలాక అంది, "అత్తా, ఆ పెద్ద ఒంపు లేదూ, జారుతూ వెనక్కి తిరిగేది? మన గచ్చు మీద గీత ఎప్పుడూ చెరిగిపోద్దే, అది."

"ఊఁ."

"ఇవాళ కుదిరిందనిపించింది. కాలు అసలు వణకలేదు. కుదిరిందా అత్తా?"

ఇష్రత్ వెంటనే అంది, "కుదిరిందే. బ్రహ్మాండంగా కుదిరింది."

"నువ్వు బయటున్నావుగా."

అబద్ధం చెప్పడం కూడా చేతకాని మనిషి.

"మరి ఎవరు చూశారత్తా?" అంది ఆసియా. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. ఇష్రత్‌కి ఏడుపు ఆగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

స్టేషన్ బయట నాగుల్ మీరా బండి మీద కాచుకుని ఉన్నాడు. సంగతంతా విని, కూతుర్ని వెనక ఎక్కించుకుని, చెల్లెలి వంక చూశాడు.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం ఇష్రత్. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది చూడమనేగా?" అన్నాడు. బండి తిప్పుకుని పోయాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇష్రత్ గచ్చు ఊడ్చి, ఊక బూడిద జల్లించి, ఎప్పటికంటే జాగ్రత్తగా చల్లి, ఆసియాను పిలిపించింది. "ఒక్కసారి చెయ్యవే ఆ ఒంపు. నేను చూస్తా" అంది. ఆసియా బూట్లు కట్టుకుంది. జారింది, ఒంపు తిరిగింది, వెనక్కి తిరిగే చోట గీత చెదిరింది. మళ్లీ చేసింది. మళ్లీ అక్కడే చెదిరింది. ఇష్రత్ బూడిద సర్దుతూనే ఉంది, పిల్ల చేస్తూనే ఉంది, గీత చెదురుతూనే ఉంది. నిన్న బాపట్లలో నిజంగా కుదిరిందో, కుదిరిందని పిల్లకు అనిపించిందో, ఇక ఎవరు చెప్పాలి? పదహారేళ్లప్పుడు తాను మింగలేక కక్కలేక మిగిలిపోయిన ఆ తెలియకపోవడాన్నే తీసుకొచ్చి మేనకోడలి చేతిలో పెట్టింది ఇష్రత్. అదీ న్యాయం చేయబోయి.

చివరికి ఆసియా మిల్లు అరుగు మీద కూర్చుని లేసులు విప్పింది. చక్రాలకు అంటిన బూడిదను కుళాయి కింద శుభ్రంగా కడిగి, గౌను అంచుతో తుడిచి, బూట్లు రెండూ అత్త ముందు పెట్టింది.

"చిన్నపిల్లలెవరికైనా ఇవ్వత్తా" అంది. "వాళ్లను మాత్రం రేపల్లె పంపించు."

ఇష్రత్ తల ఊపింది. ఇంతలో లోపల్నుంచి ధాన్యం బస్తాలు రావడం మొదలైంది, గచ్చు ఖాళీ చేయమన్నారు. ఆమె చీపురు అందుకుని బూడిద ఊడవడం మొదలుపెట్టింది.