ముళ్ళకంచె దగ్గర ఆగిన ఎరుపు

మధ్యాహ్నం మూడింటికి లారీ దిగాము. హిమాలయాల్లో, నది ఒడ్డున, కొండ కింద క్యాంపు. సన్నటి వాన. రెయిన్‌కోటు లోపల చొక్కా కూడా తడిసింది. వైర్‌లెస్ ఆపరేటర్‌ది గార్లదిన్నె. నా సంచి అందుకుంటూ అన్నాడు: "అన్నా, మన పక్క వాన కోసరం మొక్కుకుంటాంటిమి. ఈడ ఆగమని మొక్కుకోవల్ల."

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఆర్మీలో హవల్దారును. గోరంట్లలో ఇప్పటికీ అడుగుతారు: "ఏమప్పా, ఎంతమందిని కాలిస్తివి?" ఎవరినీ కాల్చలేదు. కొండ ఎక్కడ జారుతుందో మ్యాపు గీశాము. అది డ్యూటీ కాదా?

మ్యాపులో కొండ వాలు ఒక పొర. మన్ను ఒక పొర. వాగులు, పాత జారుళ్ళు ఇంకో రెండు. కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిస్తే ప్రమాదమున్న చోటు ఎర్రగా తేలుతుంది. కాలేజీ మొహం చూడని నేను ఆ విద్య అక్కడే నేర్చుకున్నాను. పొద్దున ఆరుకల్లా జీపీఎస్ పట్టుకుని కొండెక్కాలి. పగుళ్ళు కొలవాలి, ఒరిగిన చెట్లు గుర్తుపెట్టాలి, దిగొచ్చి రంగు సరిచూడాలి.

క్యాంపు మొత్తం ఎరుపులో పడింది. అవతలి గట్టుకు మారమని ఆర్డరు వచ్చింది. మంచిదే. కానీ పై ఆఫీసు అడిగిన మ్యాపు మా ముళ్ళకంచె వరకే. ఎరుపు అక్కడ కత్తిరించినట్టు ఆగింది. కంచె బయట ఒక ముసలమ్మ టీ కొట్టు. కాపురమూ అందులోనే. మ్యాపులో ఆమె ఉన్నచోట ఉత్త తెలుపు. కొండకు కంచె కనిపిస్తుందా? ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా కెప్టెన్ రేడియోలో అడిగాడు. జవాబు వచ్చింది: "కంచె బయట సివిల్. మీ పని కాదు. ఓవర్."

ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి పెట్టాడు. "ఏమన్నా, కొండ గూడా గేటుకాడ పాసు చూపిచ్చి దిగుతాదా?"

కెప్టెన్ కంచె బయటికి కూడా రంగు వేయించాడు. ఆ కాగితం నేనే తీసుకెళ్ళి ఆమెకు చూపించాను. "మాతాజీ, మాతోపాటు అవతలికి రా."

ఆమె నవ్వింది. "నా పెళ్ళప్పటి నుంచి ఈ కొండ ఇక్కడే ఉంది బేటా. నీ కాగితం వచ్చి కదిలిస్తుందా? కూర్చో, టీ తాగు."

సాయంత్రం కెప్టెన్ కొత్త ఆర్డరు ఇచ్చాడు. క్యాంపు మారాక ఆ కొట్టు దగ్గర లారీ ఆపకూడదు, ఎవరూ టీ తాగకూడదు. "బేరం ఎక్కడుంటే ఆమె అక్కడికి వస్తుంది."

క్యాంపు మారిన అయిదో రోజు ఆమె వంతెన దాటి వచ్చింది. చేతిలో స్టవ్, నెత్తిన గిన్నెల మూట, నోటినిండా తిట్లు. పరుగున వెళ్ళి రేకులు మోసుకొచ్చి కొట్టు కట్టాము. "సిగ్గులేని వాళ్ళు!" అంటూనే అందరికీ టీ పోసింది.

వానలు ముగిసేలోపే, పట్టపగలు, కొండ జారింది. పాత క్యాంపు, కంచె, కొట్టు ఉన్న చోటు అంతా ఒకే బురద. ఆమె గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

అక్కడి డ్యూటీ ముగిసి ధర్మవరంలో రైలు దిగాను. బస్సులో కూర్చుంటే దారి పొడవునా ఎండకు నెర్రెలు విచ్చిన చేలు. కొండ కూలిన చప్పుడు క్రమంగా మరిచిపోయాను. టీ మానేసిన రెండో రోజు మాత్రం నన్ను వదలదు. మలుపులో లారీ నెమ్మదించింది. ఆగుతామనుకుని ఆమె గ్లాసులతో రోడ్డు మీదికొచ్చింది. మేము ఆగలేదు. వెంట పరుగెత్తింది. వేడి టీ వేళ్ళ మీద తొణుకుతోంది.

"బేటా, చక్కెర తక్కువైందా?"