తొడుగుల మామయ్య బ్యాటరీ పెట్టె

కార్యాలయమంతా ఆయనను తొడుగుల మామయ్య అని పిలిచేది. వ్యోమనౌకకు విద్యుత్తునందించే బ్యాటరీ పెట్టెను రూపొందించడం ఆయన ఉద్యోగం. ఆ పెట్టె నౌక వెలుపల ఉంటుంది. పాడైతే వ్యోమగామి బయటికి వచ్చి, గాలితో ఉబ్బిన చేతి తొడుగులతోనే దానిని మార్చవలసి ఉంటుంది. అందుచేత మామయ్యగారు మూడేళ్లుగా ఇంట్లోనూ అవే ధరించి చొక్కా గుండీలు పెట్టుకొనేవారు, పత్రిక తిరగవేసేవారు, ఇంటికొచ్చిన వియ్యంకుడికి కరచాలనం చేసి కంగారు పెట్టేవారు.

ఒకనాడు ఆ అవతారంలోనే పంచదార డబ్బా మూత తిప్పుతుండగా భార్య చూసింది.

"మూతంతా మీ చేతి కిందే ఉంది. బిగిసిందో ఊడిందో మీకెలా తెలుస్తుందండీ?"

ఇది వంటింటి వ్యవహారం కాదు, విజ్ఞానశాస్త్రమని ఆయన సెలవిచ్చారు. పంచదార నేలపాలయింది. ఊడ్చినది ఆవిడే.

చివరి పరీక్ష ఒక పెద్ద నీటి కొలనులో జరిగింది. వ్యోమగామి అంతరిక్షంలోలా బరువు తెలియకుండా నీటిలో తేలుతూ ఇరవై నిమిషాలలో పెట్టెను మార్చాలి. లేకుంటే దానికి శాశ్వతంగా సీలు వేయాలని, పాడైననాడు దేవుడే దిక్కనుకోవాలని సమీక్షాసంఘం తీర్మానించింది. ఆ సంఘంలో ఒక్కరైనా ఇంట్లో బల్బు మార్చిన దాఖలా లేదు.

వ్యోమగామి దిగింది. మరలు చేజారలేదు, పిడి చక్కగా కుదిరింది. విద్యుత్తు నిలిపే మీటను ఒక చేత్తో నొక్కిపట్టి, రెండవ చేత్తో ప్లగ్గు లాగబోయి ఆగిపోయింది. మైకులో ఆమె గొంతు వినిపించింది.

"మామయ్యా, కరెంటు ఆగిందో లేదో చెప్పే గుర్తు నా బొటనవేలి కిందుంది. చూడకుండా లాగమంటే లాగను. నాకింకా పెళ్లి కాలేదు."

మామయ్యగారు ఆ మీటను తొడుగులతోనే వేలసార్లు నొక్కారు. నమూనా గీసినది తానే కనుక గుర్తు వంక చూడవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. పంచదార ఆయన కళ్లముందు మళ్లీ రాలింది.

భోజనానంతరం మరొక్క అవకాశమని చెప్పి సంఘం లేచింది. ఆ ఒక్క పనిలో వారికి ఆలస్యముండదు. ఆయన ఇంటికి ఫోను చేసి, ముందు క్షమాపణ, ఆపైన గోళ్లరంగు అడిగారు. ఆవిడ సీసాతో వచ్చేసరికి పెట్టె గట్టున ఉంది. మీట రెండవ కొస, మొదటిది నొక్కినప్పుడు మాత్రమే చేతికి దూరంగా పైకి లేస్తుంది. అక్కడ ఎర్ర పట్టీ వేయబోయారు.

"గీత దాటిపోతోంది, ఇటివ్వండి" అని ఆవిడే పూర్తిచేసింది. సంఘంవారి భోజనం ఎంత దీర్ఘమంటే, రంగు రెండు పూతలుగా ఆరింది.

ఈసారి ఎరుపు లేచింది, ప్లగ్గు ఊడింది, పద్దెనిమిది నిమిషాలలో పెట్టె మారింది. సంఘాధ్యక్షుడు గంభీరంగా తలపంకించి, ఆ రంగు సాంకేతిక నామమేమిటని అడిగారు. మామయ్యగారు భార్య వైపు చూశారు. ఆవిడ సీసా వెనక్కి తిప్పి చదివింది.

"సాయంత్రపు సిగ్గు, పన్నెండో నంబరు."

నివేదికలో అలాగే నమోదయింది.