ఇసుక కడిగిన రోజు

మా ఆయన తాండూరు బడిలో సైన్సు పంతులు. క్షయ అని తేలి వికారాబాద్ దవాఖానాకు పోయే రోజున ఆయన నాకు అప్పగించింది పిల్లల్ని కాదు, బీరువా తాళాలు కాదు, ముందర గదిలోని గాజు తొట్టిని! అందులో బొంబాయి సముద్రపు నీళ్లు, వేలెడంత చారల చేప ఒకటి, అడుగున బెత్తెడు మందాన ఇసుక. రైల్లో గార్డుగా ఉండే మా అన్న ఆ నీళ్లను సీసాల్లో మోసుకొచ్చేవాడు. ఎండాకాలం మేం బిందెలు పట్టుకుని బావుల చుట్టూ తిరుగుతుంటే చేపకేమో ఇంట్లోనే సముద్రం. నాకు ఒళ్లు మండేది.

"ఆదివారం ఆదివారం ఒక్క మూలనే, పైపైన మురికి గొట్టంతోని గుంజు. అడుగుకు పోకు. అడుగున నల్లగుంటది, కంటికి కనబడని జీవులుంటయి ఆడ, అది అట్లనే ఉండాలె. తోడినవనుకో, చేప దక్కది," అన్నాడు. దగ్గు ఆగాక నవ్వుతూ, "అది దక్కితె నేను దక్కినట్టే," అన్నాడు.

ఆయన నవ్వులాటకు అన్నాడు. నేను మొక్కులా పట్టుకున్నాను. సైకిలు ట్యూబులో గాలి కొట్టి, సన్న గొట్టంతో తొట్టిలోకి వదులుతూ, చెప్పిన ప్రకారమే ఇసుక శుభ్రం చేస్తూ రెండు నెలలు కంటికి రెప్పలా కాచుకున్నాను.

అంతలో యాలాల్‌లో మా మామగారి తమ్ముడు పోయాడు. పది రోజులు మైల. పదకొండో రోజు ఇంట్లో చుక్క నీరు లేకుండా పారబోసి, కుండలు తోమి, కొత్త నీళ్లు పట్టాలి. అత్తమ్మ నేరుగా తొట్టి దగ్గరికొచ్చింది.

"గీ నీళ్లు గూడ పారబొయ్యి."

"అవి సముద్రం నీళ్లు అత్తమ్మా. సముద్రానికి మైలేంది?"

ఆమె తొట్టిలోకి వంగి చూసింది. "సరే, సముద్రానికి లేదు. మరి ఇసుకకు? అడుగుకు ఎంత నల్లగున్నదో చూడు. ఆడ నా కొడుకు మంచంల ఉంటె, ఈడ మైల ఇంట్ల పెట్టుకుంటవా?"

ఆయనకేమైనా అయితే లోకం నన్నే అంటుంది. లోకం సంగతి సరే, నన్ను నేనే అనుకుంటాను. చేపను గిన్నెలోకి మార్చి ఇసుకంతా తోడాను. కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది, నీళ్లు నల్లబడ్డాయి. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఇసుకను బియ్యం కడిగినట్టు ఏడుసార్లు కడిగి వాకిట్లో షాబాద్ బండల మీద ఎండబోశాను. అబ్బ, ఎంత తెల్లగా వచ్చిందో! దాన్ని మళ్లీ ఆ నీళ్లలోనే పరిచి చేపను వదిలాను. మర్నాడు పొద్దున అది పైకొచ్చి నోరు తెరుస్తోంది. సాయంత్రానికి వెల్లకిలా తేలింది. అత్తమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఆ ఆదివారం రైలెక్కి వికారాబాద్ పోయాను. ఆయన మొదటి మాటే, "చేప ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"ఇసుక?"

"మస్తు తెల్లగున్నది," అన్నాను, కనీసం అదొక్కటైనా నిజం చెబుదామని.

ఆయన కిటికీ వైపు తిరిగి, "మంచిది," అన్నాడు.

తర్వాత నాలుగు నెలలు, వారం వారం అదే ప్రశ్న. చేప పెరిగిందన్నాను, హుషారుగా ఉందన్నాను. ఆయన తలూపేవాడు. తిరుగు రైల్లో తాండూరు వచ్చేదాకా పై వారం చెప్పాల్సిన అబద్ధం వెతుక్కునేదాన్ని.

జబ్బు నయమై ఆయన ఇంటికొచ్చిన రోజు ముందర గదిలోకి పోనీయకుండా గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. చేప చచ్చిపోయిందని చెప్పేశాను.

"నాకెర్కనే," అన్నాడు. "ఇసుక తెల్లగున్నదన్న నాడే ఎర్కైంది. బతికున్న ఇసుక అంత తెల్లగుండది."

"మరి వారం వారం ఎందుకడిగిన్రు?"

"అడగకుంటె, నాకు తెల్సిపోయిందని నీకెర్కైతుండె. నేను ధైర్యం ఇడ్సిన్ననుకొని, ఇగ బతకనని ఏడుస్తుంటివి. అది దక్కితె నేను దక్కినట్టని నోరు జారి అన్నది నేనే గద."

నాలుగు నెలలు నాతో అబద్ధాలాడించిన మనిషిని ఏమని తిట్టాలో తెలియక, గుమ్మంలోంచి పక్కకు జరగడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడి ఏడ్చాను.