నేను చూడని కొలంబస్

గెస్ట్‌హౌస్‌లో ఒకటే కోటు ఉండేది. ముదురు నీలం రంగు. మాకంటే ముందు అక్కడ ఉండి, ఉద్యోగం దొరికి వెళ్ళిపోయినవాళ్ళలో ఎవరో వదిలేసిన కోటు. ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా, ఎవరు ఇంటర్నెట్‌లో ప్రొఫైల్ ఫోటో పెట్టుకోవాలన్నా అదే. నాకు భుజాల దగ్గర వదులైంది. ఫోటో తీసిన రూమ్మేట్ వీపు వెనక రెండు బట్టల క్లిప్పులు పెట్టి బిగించాడు. ముందునుంచి చూస్తే నాకోసమే కుట్టించినట్టు కనిపించింది.

డాలస్ శివార్లలో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ అది. మొత్తం ఏడుగురం. మాస్టర్స్ పూర్తయి, పనిచేయడానికి అనుమతి ఉండీ, పని లేనివాళ్ళం. మాంద్యం తగ్గిందని వార్తల్లో చెబుతున్న రోజులు. మమ్మల్ని అక్కడ పెట్టిన కన్సల్టెన్సీ మా రెజ్యూమేలను కంపెనీలకు పంపేది. ఆ పని చూసే అన్న వారానికోసారి వచ్చి ఒక్కొక్కరినీ వంటగదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు. నా వంతు వచ్చినప్పుడు మూడు పేజీలు నా ముందు పెట్టాడు.

"చూస్కో తమ్మీ. ఆరేండ్లు పెట్టిన. మూడేండ్లు హైదరాబాద్‌ల, మూడేండ్లు కొలంబస్‌ల ఇన్సూరెన్స్ ప్రాజెక్ట్."

"అన్నా, నేను కొలంబస్ ఊరే ఎప్పుడూ చూడలేదు."

"ఇంటర్వ్యూ చేసేటోడు చూసిండా ఏంది? మ్యాప్ చదువుకో."

"ఆరేళ్ళంటే నా వయసుకి ఎక్కువేమో అన్నా."

"మీసం పెంచు, సరిపోతది." అప్పటికే తరువాతివాడిని లోపలికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. "ఇప్పుడంత బ్రాండింగే తమ్మీ. మేం అమ్మేది నిన్ను కాదు, నీ ప్రొఫైల్‌ని."

నేను సండే స్కూల్లో పెరిగినవాణ్ణి. బైబిల్ వాక్యాలు కంఠతా చెప్పి ఏటా బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. అబద్ధమంటే ఏమిటో నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా ఆ మూడు పేజీలు తీసుకున్నాను. తీసుకోవడమే కాదు, ఇంకో పని చేశాను. అది నాలాంటి విశ్వాసి తప్ప మరొకడు చేయని పని.

ఆదివారం మధ్యాహ్నాలు, అమెరికన్ల ఆరాధన ముగిశాక, వాళ్ళ చర్చి వెనక హాల్లో మా తెలుగు సహవాసం కూడుకునేది. ప్రతి నెలా ఆఖరి ఆదివారం కాగితాల ప్రార్థన. ఎవరికి ఏ అక్కర ఉంటే దాని తాలూకు కాగితం తెచ్చి ముందున్న బల్లమీద పెట్టేవారు. వీసా నోటీసులు, స్కానింగ్ రిపోర్టులు, ఇల్లు కొనే దరఖాస్తులు. పాస్టర్ గారు వేలితో ఆలివ్ నూనె అద్ది, ఒక్కో కాగితం మీద చేయి ఉంచి ప్రార్థించేవారు. నేను ఆ రెజ్యూమే తీసుకెళ్ళి పెట్టాను.

"తండ్రీ, ఈ బిడ్డ చదువు, వీడి కష్టం నీవెరుగుదువు" అని పాస్టర్ గారు మొదలుపెట్టారు. కళ్ళు మూసుకున్న అరవై మంది ఆమేన్ అన్నారు. నూనె మొదటి పేజీ దాటి రెండో పేజీలోకి దిగింది. రెండో పేజీలో ఉన్నదంతా అబద్ధం. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

రెండు వారాల్లో, డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో ఒక కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. తరువాతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నానో, ఎలా ఉపవాసమున్నానో, ప్రభువు ఎలా ద్వారం తెరిచాడో చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒక సిస్టర్ కళ్ళు తుడుచుకున్నారు.

నా టీమ్ లీడ్ యాభై అయిదేళ్ళ అమెరికన్ ఆవిడ. మొదటిరోజే నన్ను తన డెస్క్ దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, ఏదో శుభవార్త చెబుతున్నట్టు అంది. "నీ రెజ్యూమేలో కొలంబస్ చూశాను. నేను పుట్టి పెరిగింది అక్కడే. అమ్మ పోయాక ఇక్కడికి వచ్చేశాను. ఇక్కడ ఎవరికీ ఆ ఊరు తెలియదు."

నేను నవ్వాను.

"ఏ వైపు ఉండేవాడివి?"

మ్యాప్‌లో చదివిన ఒక పేటపేరు చెప్పాను.

"అయితే నదికి దగ్గరే. అక్టోబరులో ఆ దారమ్మట నడిచేవాడివా?"

"అప్పుడప్పుడు" అన్నాను.

ఆ ఒక్కమాటతో నాకు మూడేళ్ళ జ్ఞాపకాలు అంటుకున్నాయి. ఆవిడ లంచ్‌కి పిలిచినప్పుడల్లా ఆ ఊరి సంగతులే. మూతపడిన ఒక బేకరీ. మంచు పడినరోజు బస్సు కోసం నిలబడటం. వాళ్ళమ్మ పనిచేసిన లైబ్రరీ. నేను తలూపేవాణ్ణి. తలూపడం కూడా ఒక లెక్క ప్రకారం చేయాల్సివచ్చేది. మరీ ఎక్కువ ఊపితే ఇంకా అడుగుతుంది, తక్కువ ఊపితే అనుమానం వస్తుందేమో. కొన్నివారాల తరువాత, భోజనానికి బయటికి వెళుతున్నానని చెప్పడం మొదలుపెట్టాను. పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని పెరుగన్నం తినేవాణ్ణి. టెక్సస్ ఎండలో ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ. ఏడాదిన్నర అలాగే తిన్నాను.

పనిలో మాత్రం లోటు రానీయలేదు. తెలియనివన్నీ చదివి నేర్చుకున్నాను. కాని ఆవిడ మెచ్చుకున్న ప్రతిసారీ ఆ మెప్పు నాకు చేరేది కాదు. అది కొలంబస్‌లో మూడేళ్ళు పనిచేసిన వాడెవడికో వెళ్ళేది. సహవాసంలోనూ అంతే. "బ్రదర్ సాక్ష్యం చూడండి" అని పెద్దలు ఎవరికో చూపించేది ఆ కోటు వేసుకున్నవాణ్ణే. నన్ను నన్నుగా ఎరిగినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల పళ్ళెం వరసలో నా దగ్గరికి వచ్చినప్పుడు, పాపం దాచుకుని తినకూడని ఆ రొట్టె తీసుకోకుండా పక్కకు అందించడం మొదలుపెట్టాను. పక్కనున్నాయన ఒకసారి నావైపు చూసి, తల దించుకున్నాడు. అడిగితే బాగుండుననిపించింది. అడగలేదు.

బైబిల్ లేఖనాల్లో ఒక తమ్ముడున్నాడు. అన్న బట్టలు వేసుకుని, ఒళ్ళంతా రోమాలున్న అన్నలా తోచడానికి చేతులకు మేకతోలు చుట్టుకుని, చూపుపోయిన తండ్రి ముందు నిలబడి అన్న పేరు తనదని చెప్పినవాడు. వాడికి దీవెన దొరికింది. అది నిజమైన దీవెనే. కాని దానితోపాటు ఇల్లు పోయింది, ఏళ్ళకేళ్ళు పరాయిచోట బతికాడు. చిన్నప్పటినుంచి ఆ కథ విన్నాను. దీవెన దొరికిన తరువాత వాడు ఎవరితో కూర్చుని అన్నం తిన్నాడన్నది మాత్రం కార్‌లో కూర్చున్నాకే ఆలోచించాను.

రెండో ఏడు వసంతంలో సహవాసపు పెద్దల్లో ఒక అంకుల్ ఫోన్ చేశారు. ఆయన డాలస్ దగ్గరే కాపెల్ అనే ఊళ్ళో ఉండేవారు. మా హాలుకు వచ్చే విద్యార్థుల బాగోగులు చూసేవారు.

"వందనాలు బ్రదర్. శనివారం మన స్టూడెంట్స్‌కి ఒక సెషన్ పెడుతున్నాం. పర్సనల్ బ్రాండింగ్ అని. ప్రొఫైల్ ఎట్లా పెట్టాలి, ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలి. నువ్వే చెప్పాలి."

"నాకంటే అనుభవమున్నవాళ్ళు ఉన్నారు కదా అంకుల్."

"ఆరేడేళ్ళ అనుభవం చాలదా ఏంటి? మొహమాటపడకు. పులిహోర కూడా ఉంది."

వెళ్ళాను. పాతికమంది దాకా వచ్చారు. ప్రొజెక్టర్ మీద నా ఫోటో, నీలం కోటులో. మిమ్మల్ని మీరు ఒక వాక్యంలో చెప్పుకోండి, మీరేమిటో అదే చూపించండి అని పుస్తకాల్లో రాసినట్టే మాట్లాడాను. బాగానే మాట్లాడానేమో, కొందరు రాసుకున్నారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అంకుల్ అడిగితే వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. గుంటూరు వైపు మాట.

"బ్రదర్, నాకొక డౌట్ అండి. కన్సల్టెన్సీ వాళ్ళు ఐదేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెడతామంటున్నారు. నాకేమో భయంగా ఉంది."

హాలులో చిన్న నవ్వు. "అందరికీ అదేగా" అన్నాడెవడో.

"అది కాదండి" అంది ఆ అమ్మాయి. "ఈ మంత్ ఎండ్ సండే కాగితాల ప్రార్థన ఉంది కదా. ప్రేయర్ చేయించి పెట్టుకోవచ్చా? మీరూ రెజ్యూమే మీద ప్రేయర్ చేయించుకునే కదా వెళ్ళింది."

ఎగతాళి కాదు. ఆ పిల్ల నన్ను నమ్మి అడిగింది. అవునంటే ఆ బల్లమీద మరో అబద్ధం, మరో ఆమేన్. కాదంటే, నువ్వెలా వెళ్ళావని అడుగుతుంది. "నేను ప్రార్థించి చెబుతాను సిస్టర్" అన్నాను. విశ్వాసులం తప్పించుకోవడానికి వాడే మాట అది. అంకుల్ టైమైందని పులిహోర డబ్బాలు తెరిపించారు. నేను తినకుండా వచ్చేశాను.

సోమవారం ఉదయం లీడ్‌ను అయిదు నిమిషాలు అడిగి, చిన్న మీటింగ్ గదిలో తలుపు వేశాను. ఆరేళ్ళూ అబద్ధమని, చదువు తప్ప మిగతాదేదీ నిజం కాదని చెప్పాను. ఉద్యోగం పోతే ఈ దేశంలో నిలబడే అర్హతా పోవచ్చని తెలిసే చెప్పాను.

ఆవిడ తన నోట్‌బుక్ మూసింది.

"ఇది నేను పైవాళ్ళకి చెప్పాలి."

"తెలుసు."

"ఒక్కసారైనా వెళ్ళావా అక్కడికి?"

"లేదు."

"మరి ఆ నది, ఆ దారి?"

కొంత మ్యాప్‌లోది, మిగతాదంతా మీరు చెప్పిందే అన్నాను.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు?"

కోపం లేదు ఆ మాటలో. ఆ కోపం లేకపోవడమే నాలో మిగిలిపోయింది. ఇన్నాళ్ళూ ఒంటరితనం నా ఒక్కడిదే అనుకున్నాను. ఆవిడకు దొరికిన ఒకే ఒక్క సొంతూరివాణ్ణి ఆ ఉదయం తీసేసుకున్నాను. క్షమించమని అడిగాను. తల ఊపింది. క్షమించినట్టా, విన్నట్టా అన్నది తెలియలేదు. శుక్రవారానికల్లా కాంట్రాక్టు ముగించారు.

నెలాఖరు ఆదివారం కొత్త రెజ్యూమే తీసుకెళ్ళాను. ఒకటే పేజీ. చదువు, ప్లేనోలో నేర్చుకున్న పని, అంతే. బల్లమీద పెట్టకముందు మైకు అడిగి, మొదటి కాగితం సంగతి, ఇచ్చిన సాక్ష్యం సంగతి చెప్పాను. మీ ఆమేన్‌లను నా అబద్ధానికి వాడుకున్నానన్నాను. వెనక వరసలో ఆ అమ్మాయి ఉంది. ఆమె వైపు చూసి, "సిస్టర్, మీ ప్రశ్నకు జవాబు ఇదేనండి" అన్నాను. సాక్ష్యం ముగిశాక స్తోత్రమనడం మా అలవాటు. ఎవరూ అనలేదు. ఆ హాలులో సగం కుటుంబాల రెజ్యూమేలు ఏ వంటగదిలో తయారయ్యాయో నేను గుర్తుచేసినట్టయింది.

పాస్టర్ గారు కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్ది, మొత్తం చదివారు. అంతకుముందు ఎవరి కాగితమూ ఆయన చదవగా చూడలేదు.

"ఇది నువ్వేనా?"

"నేనే అయ్యగారూ."

నూనె అద్ది చేయి ఉంచారు. ఈసారి ప్రార్థన చిన్నది. ఆమేన్ ఆయనదీ నాదీ మాత్రమే వినిపించాయి. ఆరోజు భోజనాల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. అంకుల్ మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆ అమ్మాయి ఏం చేసిందో నాకు తెలియదు.

ఆ తమ్ముడి కథలో, ఏళ్ళ తరువాత ఒక రాత్రి, తనతో పెనుగులాడి తొడ కీలు తప్పించిన దేవదూత నీ పేరేమిటని ఇంకోసారి అడుగుతాడు. అప్పుడు తన పేరే చెబుతాడు. దీవెన దొరుకుతుంది, కుంటుతూ నడుస్తాడు. మా ప్రసంగాల్లో దీవెన దగ్గర ఆగుతారు. నాకు ఆ కుంటే కాలు మీదే మనసు పోతుంది.

అనుమతి గడువు ఇంకా కొన్ని వారాలుందనగా, ఓక్లహోమాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో, అందరికంటే కింది మెట్టు ఉద్యోగం దొరికింది. తెలుగు సహవాసం మూడు గంటల దూరం. ఆదివారాలు గదిలో ఒక్కణ్ణే పాడుకునేవాణ్ణి. ప్రొఫైల్ ఫోటో మార్చాను. గళ్ళ చొక్కా, వెనక క్లిప్పులు లేవు.

మొదటిరోజు మధ్యాహ్నం అలవాటు కొద్దీ కార్ తాళాలు తీసుకున్నాను. తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. బ్రేక్‌రూమ్‌లో పొడుగాటి టేబుల్, చివర ముగ్గురు నర్సులు ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను ఇంకో చివర కూర్చుని పెరుగన్నం డబ్బా మూత తీశాను. ఎక్కడినుంచి వచ్చావు, ఇంతకుముందు ఏం చేసేవాడివి అని ఎవరైనా అడిగితే చెప్పడానికి, కల్పించనక్కరలేని జవాబు ఒకటి నా దగ్గరుంది. ఆరోజు ఎవరూ అడగలేదు. ఆ వారమూ అడగలేదు. నేను రోజూ వెళ్ళి అక్కడే కూర్చున్నాను.