ఫెహిమే మెహర్‌గా అడిగిన అక్రోటు చెట్టు

గ్రీసులో మా థ్రేస్ ముస్లిం పల్లెల్లో పెళ్లికూతుళ్లు పెళ్లికొడుకు ఇవ్వాల్సిన మెహర్‌గా బంగారు గాజులు అడుగుతారు. ఫెహిమే మాత్రం పెళ్లికొడుకు నెజాతి పొగాకు చేనులో ఉన్న అక్రోటు చెట్టు అడిగింది. దాని నీడలో ఊరంతా కూర్చుని పొగాకు గుచ్చినా ఇంకా మేకల మందకు చోటు మిగిలేది. నమ్మడం మీ ఇష్టం.

"చెట్టేం చేసుకుంటావే పిచ్చిదానా?" అంది అత్త.

"గాజులైతే మీ అబ్బాయి అమ్ముకుంటాడు. చెట్టునెట్లా ఎత్తుకెళ్తాడు?"

విడిపోయినా, మొగుడు పోయినా చెట్టు ఆమెదేనని మా మత న్యాయం చూసే ముఫ్తీగారు పెళ్లి కాగితంలో రాయించారు.

నెజాతి కాఫీ హోటల్లో పేకాటకు అంటుకుపోయాడు. చివరకు ఫెహిమే విడాకులు కోరింది. ముఫ్తీగారు విడాకులు ఇప్పించి, చెట్టు ఆమెదే అన్నారు. షరియత్‌లో నేల ఒకరిదీ చెట్టు మరొకరిదీ కావచ్చు. కానీ ముఫ్తీ తీర్పు అమలు కావాలంటే కొమోటినిలోని గ్రీకు కోర్టు ఒప్పుకోవాలి.

"వేళ్లున్నంత కాలం చెట్టు నేలలో భాగమమ్మా," అన్నారు జడ్జిగారు. "నేల ఆయనది. కొట్టించుకుంటే మాత్రం కలప నీది."

నెజాతి నవ్వాడు. "కొట్టించుకో. గొడ్డలి నేనే ఇస్తా." ఆమెకు చేతులు రావని వాడి ధీమా.

ఫెహిమే రోజూ వెళ్లి ఆ చెట్టు కింద కూర్చునేది.

"వదిలెయ్యరాదూ, బతికైనా ఉంటుంది," అన్నాను నేను.

"నా చెట్టు నీడలో వాడు పేకాడుతుంటే చూస్తూ ఉండమంటావా బాబాయ్?"

కాయలు పండేదాకా ఆగింది. అన్నీ ఏరుకున్నాక రంపం వాళ్లను పిలిచింది.

నెజాతి పరుగెత్తుకొచ్చాడు. "ఆగవే! ఎండలో పొగాకు ఎక్కడ గుచ్చను?"

"నేల నీకే ఉందిగా. దాన్ని కప్పుకో."

చెట్టు పడినప్పుడు ఆమె చెట్టుకేసి చూడలేదు, తలగుడ్డ సర్దుకుంది.

కలపతో వెడల్పాటి బల్ల చేయించి అన్న ఇంటి ముందు వేసుకుంది. ఏరిన కాయలను ఖాళీ జున్ను డబ్బాల్లో నాటింది. ఇప్పుడు మొక్కలు మోకాలెత్తున్నాయి.

"పెరట్లో నాటరాదటే, డబ్బాల్లో ఇరుక్కుని చస్తున్నాయి," అంటాడు అన్న.

"పెరడు నీది," అంటుంది ఫెహిమే.

వసంతం వస్తే ఆ బల్ల కూడా చిగురిస్తుంది. నేను కళ్లారా చూశాను. ఆ సంగతి చెప్పగానే ఫెహిమే బల్ల మీంచి నన్ను లేపి, దాని నాలుగు కాళ్లూ నేలకు తగలకుండా కింద రాళ్లు పెట్టింది.